మూలకణములు – మూత్రపిండవ్యాధి

శ్రీకాకుళము ప్రాంతమునుండి వచ్చి హౌరా జనుపనార మిల్లులను నమ్ముకొనిన తెలుగు కుటుంబములకు ఉద్దానపు మూత్రపిండవ్యాధి క్రొత్త మాట కాదు. మూలకణముల సూదితో అది కుదురునా?

ఒక్కొక్క మూత్రపిండమున సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత గొట్టము లుండును. నశించినవి మరల పుట్టవు. ఎముక మజ్జనుండి తీసిన మూలకణములు లోపలి వాపును తగ్గించి, మిగిలినవానిని కాపాడవచ్చునని పరిశోధకుల ఆశ. క్రొత్త గొట్టములను నిర్మించునని మాత్రము ఋజువు కాలేదు. అందుచేతనే భారత వైద్య పరిశోధన మండలివారి 2017 మార్గదర్శకములు ఈ వ్యాధికి దానిని పరీక్షగా మాత్రమే అనుమతించినవి. పరీక్షలో చేరిన రోగి రుసుము చెల్లింప నక్కరలేదు. సొమ్ము అడిగినచోటనే సందేహింపవలెను!

ఈ ఆశతో డయాలసిస్ మానుట ప్రాణాపాయము. 2016లో ఆరంభమైన జాతీయ డయాలసిస్ పథకము క్రింద జిల్లా ఆసుపత్రులలో అది పేదలకు ఉచితము.