ఇంటి వీడియోలు క్లౌడ్‌లోనా, బీరువాలోని హార్డ్ డిస్క్‌లోనా?

ఈ ఉగాదికి బరంపురంలో మా సంఘం తరఫున పాత పెళ్లి వీడియోలు, ఠాకురాణి యాత్ర వీడియోలు హాల్లో తెర మీద వేద్దామనుకున్నాం. సభ్యుల ఇళ్లకు కబురు పెట్టాం. వచ్చిన జవాబులు ఇంచుమించు ఒక్కలాగే ఉన్నాయి. "క్యాసెట్ ఉందండీ, బూజు పట్టింది." "డిస్క్‌లో ఎక్కించాం, ఇప్పుడు తెరుచుకోవడం లేదు." "ఫోన్లో ఉండేవి, ఫోన్ మార్చాక కనబడటం లేదు." చివరికి వేయగలిగినవి మూడే.

ఆ మూడింటిలో ఒకటి, మా సంఘం పెద్దావిడ ఒకరు 1996లో మనవరాలి పెళ్లిలో పాడిన అప్పగింతల పాట. ఆవిడ ఇప్పుడు లేరు. ఒడియా మీడియంలో చదువుతూ తెలుగు రాయడం రాని పిల్లలు కూడా "తాతగారూ, అది మళ్లీ వేయండి" అన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే ప్రావిన్సు అయి, బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది. ఆ తర్వాత మన ఇళ్లలో తెలుగు ఎక్కువగా నోటిమాటగానే నిలిచింది. మన పెద్దల యాస, పాట రికార్డయి ఉన్నది మన బీరువాల్లోనే. అవి పోతే అడగడానికి ఇంకో చోటు లేదు. అందుకని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు రెండు కట్టలు కట్టండి

ఆఫీసులో ఫైళ్లు సర్దినట్టే ఇదీ. మీ దగ్గరున్నవన్నీ రెండు కట్టలుగా విడదీయండి. మొదటి కట్టలో పోయినా మళ్లీ దొరికేవి పెట్టండి: సినిమాలు, భక్తి పాటలు, సీరియళ్లు. రెండో కట్టలో పోతే మళ్లీ రానివి పెట్టండి: ఇంటి పెళ్లిళ్లు, పెద్దల గొంతులు, పాత ఫొటోలు, తాతల నాటి దస్తావేజుల స్కాన్‌లు.

మొదటి కట్టకు ఇంట్లో ఒక హార్డ్ డిస్క్ చాలు. దాని కోసం క్లౌడ్‌కు నెలనెలా డబ్బు కట్టనవసరం లేదు. రెండో కట్టకు మాత్రం ఇల్లూ కావాలి, క్లౌడూ కావాలి. చాలా ఇళ్లలో మేం చూసింది దీనికి తలకిందులు. సినిమాలు రెండేసి డిస్కుల్లో ఉంటాయి, నాయనమ్మ గొంతు ఒక్క ఫోన్లో ఉంటుంది.

ఇంట్లో డిస్క్ పెట్టుకుంటే

హోమ్ మీడియా సర్వర్ అంటే భయపడాల్సిన వస్తువు కాదు. మూలన పడున్న పాత ల్యాప్‌టాప్‌కు ఒక హార్డ్ డిస్క్ తగిలించి, జెల్లీఫిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే చాలు. ఇంటి వైఫై మీదే టీవీలోనూ ఫోన్లోనూ వీడియోలు వస్తాయి. నెట్ డేటా ఖర్చు కాదు, నెట్ లేని రోజున కూడా ఆడతాయి. పాత ల్యాప్‌టాప్ 15 నుంచి 20 వాట్లు లాగుతుందనుకుంటే, రోజంతా నడిచినా అర యూనిట్ దాటదు. ఇంత కూడా వద్దనుకుంటే డిస్క్‌ను నేరుగా టీవీ వెనక యూఎస్‌బీలో పెట్టినా సరిపోతుంది.

ఒక చిన్న చిక్కు చెప్పాలి. పాత పద్ధతి ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన డిస్క్‌లో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. మూడు గంటల పెళ్లి క్యాసెట్ ఎక్కిస్తే సాధారణంగా ఆ హద్దు దాటుతుంది. "జాగా ఉన్నా కాపీ కావడం లేదు" అని మాకు ఫోన్ చేసినవారి సమస్య ఇదే. మీ టీవీ తీసుకుంటే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయించుకోండి. ఫార్మాట్ చేస్తే లోపలున్నవన్నీ పోతాయి గనక ఖాళీ డిస్క్ మీదే చేయాలి.

ఇక డిస్క్ బలహీనత. మామూలు హార్డ్ డిస్క్ లోపల తిరిగే పళ్లేలు ఉంటాయి. దెబ్బ తగిలితే పని అయిపోయినట్టే. మా సంఘం డిస్క్ 2017లో మా చేతిలోంచే జారి కింద పడింది. టక్ టక్ అని చప్పుడు చేసి ఆగిపోయింది. ఆరేళ్ల ఉగాది కార్యక్రమాలు అందులో ఉన్నాయి. బయటికి తీయడానికి చెప్పిన ఖర్చు మా ఏడాది చందాల కంటే ఎక్కువ. రెండో కాపీ పెట్టుకోకపోవడం మా తప్పే.

అంతకు ముందు 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మనకు గుర్తే. మా సభ్యుల ఇంట్లో పైకప్పు రేకు లేచిపోయి బీరువా తడిసింది. క్యాసెట్లు, సీడీలు, హార్డ్ డిస్క్ అన్నీ ఆ ఒక్క బీరువాలోనే. అప్పటి నుంచి మేం చెప్పే మాట: ఒకే బీరువాలో రెండు డిస్కులుంటే ఒకటి ఉన్నట్టే లెక్క.

క్లౌడ్‌లో పెట్టుకుంటే

క్లౌడ్ అంటే ఇంకొకరి కంప్యూటర్లలో అద్దెకు తీసుకున్న జాగా. తుపాను వచ్చినా, డిస్క్ జారినా అక్కడున్నవి భద్రం. విదేశంలో ఉన్న పిల్లలు కూడా చూసుకోవచ్చు.

గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అందులోనే మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ పట్టాలి. 2021 జూన్ 1 నుంచి ఎక్కించే ఫొటోలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. 100 జీబీకి నెలకు సుమారు 130 రూపాయలు, 2 టీబీకి సుమారు 650. రేట్లు మారుతుంటాయి, కట్టేముందు చూసుకోండి. మూడు గంటల క్యాసెట్‌కు 5 జీబీ అనుకుంటే 100 జీబీలో ఇరవై క్యాసెట్లు పడతాయి. ఒక కుటుంబం రెండో కట్టకు సాధారణంగా అది చాలు. సినిమాలన్నీ కూడా ఎక్కిస్తేనే 2 టీబీ అవసరం పడుతుంది.

ఎక్కించడానికి ఓపిక కావాలి. నెట్ ప్యాకేజీలో పెద్దక్షరాలతో రాసేది దిగుమతి వేగం. మనకు కావలసింది ఎగుమతి వేగం, అంటే అప్‌లోడ్. అది 5 ఎంబీపీఎస్ ఉంటే గంటకు రెండు జీబీలకు కాస్త పైన వెళతాయి. 100 జీబీకి దాదాపు రెండు రోజులు పడుతుంది. రాత్రిళ్లు వదిలేస్తే వారంలో అయిపోతుంది.

క్లౌడ్‌లో మూడు గోతులున్నాయి. మొదటిది, ఫోన్‌తో ముడిపడిన ఫొటోల యాప్‌లో ఫోన్ నుంచి తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. గూగుల్ ఫొటోస్ చెత్తబుట్టలో అవి 60 రోజులే ఉంటాయి. "ఫ్రీ అప్ స్పేస్" అనే మీట వాడితే ఫోన్లో కాపీ మాత్రమే పోతుంది. ఈ తేడా ఇంట్లో అందరికీ చెప్పండి. రెండోది, ఖాతాను రెండేళ్లు ముట్టుకోకపోతే గూగుల్ దాన్ని తీసేయవచ్చు. మూడోది, ఖాతాదారు పోతే పాస్‌వర్డూ ఆయనతోనే పోతుంది.

మూడోదానికి మందు ఉంది. బ్యాంకు ఖాతాకు నామినీ పెట్టినట్టే గూగుల్ ఖాతాకూ పెట్టవచ్చు. సెట్టింగుల్లో "ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్" అని ఉంటుంది. ఖాతా కొన్ని నెలలు కదలకపోతే మీరు చెప్పినవారికి అందులోవి అందుతాయి. పది మంది దాకా పేర్లు ఇవ్వవచ్చు. పెన్షన్ కాగితాల్లో నామినీ రాయకపోతే ఇంటివాళ్లు పడే పాట్లు మేం కౌంటర్ లోపలి వైపు కూర్చుని చూసినవాళ్లమే.

మేం పాటిస్తున్న లెక్క

రెండో కట్టకు మూడు కాపీలు. ఒకటి ఇంట్లో టీవీకి ఆడే డిస్క్‌లో. రెండోది ఇంకో ఊళ్లో ఉన్న కూతురింట్లోనో అన్నదమ్ముల ఇంట్లోనో ఉండే డిస్క్‌లో. దసరాకో సంక్రాంతికో వెళ్లినప్పుడు కొత్తవి కలిపి ఇచ్చి రండి. మూడోది క్లౌడ్‌లో.

ప్రతి ఉగాదికి మూడు చోట్లా ఒక్కొక్క ఫైల్ తెరిచి ఆడించి చూడండి. ఐదేళ్లు దాటిన డిస్క్‌ను నమ్మకుండా కొత్తదానిలోకి మార్చండి. ఫైల్‌కు "వీడియో 1" అని కాకుండా తేదీ, ఊరు, మనుషుల పేర్లు పెట్టండి. ఎవరెవరో చెప్పగలిగిన పెద్దలు ఉండగానే ఆ పని చేయాలి. పేరు తెలియని ముఖం భద్రంగా ఉన్నా, మనవలకు అది ఎవరిదో ముఖమే.

క్యాసెట్లే ఇంకా మిగిలి ఉన్నవారికి ఒక మాట. బూజు పట్టిన క్యాసెట్‌ను వీసీఆర్‌లో వేసి చూడకండి. టేపూ పాడవుతుంది, వీసీఆర్ హెడ్డూ పాడవుతుంది. ముందు శుభ్రం చేయించాలి. మా సంఘం ఆఫీసులో పనిచేసే వీసీఆర్ ఒకటుంది, ఆదివారాలు ఉదయం తెరిచే ఉంటాం. మీ ఊరి సంఘం దగ్గర కూడా అడిగి చూడండి. వచ్చేటప్పుడు ఖాళీ డిస్క్ ఒకటి, ఆ పెళ్లిలో ఎవరెవరున్నారో చెప్పగలిగిన పెద్దవారిని ఒకరిని వెంట తీసుకురండి.