రెండు కళ్ళకూ ఒకే రోజు ఆపరేషన్ చేయవచ్చా?

"ఒకేసారి రెండూ చేసేయండమ్మా. మళ్ళీ నన్నెవరు తీసుకొస్తారు?"

కంటి వార్డులో ఈ మాట మేము వినని వారం లేదు. ఆ మధ్య ఒక పెద్దామె కూడా ఇదే అడిగింది. డెబ్బై ఏళ్ళు దాటాయి. రెండు కళ్ళలోనూ శుక్లాలు బాగా ముదిరాయి. కళ్ళ ముందు చెయ్యి ఆడిస్తే తెలుస్తుంది గాని వేళ్ళు లెక్కపెట్టలేదు. హైదరాబాదులో తాపీ పని చేసుకునే కొడుకు రెండు రోజులు పని మానుకుని తీసుకొచ్చాడు. వచ్చిన ప్రతిసారీ కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. వాళ్ళు అడిగిన దానిలో తప్పేమీ లేదు. అయినా మన డాక్టరుగారు ఒక కంటికే చేస్తామన్నారు. ఎందుకో తెలుసుకుందాం.

శుక్లం అంటే ఏమిటి?

చాలామంది అనుకున్నట్లు ఇది కంటి మీద పెరిగే పొర కాదు. కంటి లోపల ఉండే సహజమైన లెన్సు మసకబారడమే శుక్లం. చుక్కల మందులతో, ఆకు పసర్లతో కరగదు. ఆపరేషన్ చేసి ఆ లెన్సును తొలగించి కృత్రిమ లెన్సు అమర్చాలి. ఇటువంటి లెన్సును 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు మొదటిసారి అమర్చారు. ఇప్పుడు చిన్న కోతతోనే, చాలామందికి అరగంట లోపే ఆపరేషన్ పూర్తవుతుంది.

ఒక కన్ను తర్వాత మరొకటి ఎందుకు?

మొదటి కారణం ఇన్ఫెక్షన్. ఆపరేషన్ తర్వాత కంటి లోపల చీము పట్టడం చాలా అరుదు. వెయ్యి ఆపరేషన్లలో ఒకటి, లేదా అంతకంటే తక్కువ. కానీ వస్తే చూపే పోవచ్చు. ఒకే రోజు రెండు కళ్ళకూ చేసి, మందులోనో పనిముట్లలోనో లోపం ఉంటే, రెండు కళ్ళూ ప్రమాదంలో పడతాయి. రెండవ కారణం లెన్సు పవరు. మొదటి కంటికి చూపు ఎలా వచ్చిందో చూసుకుంటే రెండవ కంటి లెన్సును మరింత సరిగ్గా ఎంచుకోవచ్చు.

ఇతర దేశాలలో చేస్తున్నారు కదా?

నిజమే. ఫిన్లాండ్ వంటి దేశాలలో ఒకే రోజు రెండు కళ్ళకూ చేయడం ఎప్పటినుంచో ఉంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆసుపత్రి రాకపోకలు తగ్గించడానికి మరికొన్ని చోట్ల కూడా ఇది పెరిగింది. నెదర్లాండ్స్‌లో 10 ఆసుపత్రులలో 865 మందిపై జరిగిన పరిశీలన 2023లో ప్రచురితమైంది. ఇతర కంటి జబ్బులు లేని, ప్రమాదం తక్కువగా ఉన్న రోగులను జాగ్రత్తగా ఎంచుకుంటే ఫలితాలు రెండు పద్ధతులలోనూ దాదాపు సమానమని అందులో తేలింది.

అయితే అక్కడి నియమాలు గట్టివి. రెండవ కన్ను అంటే కొత్త ఆపరేషన్ కిందే లెక్క. మళ్ళీ చేతులు శుభ్రం చేసుకుని కొత్త గౌను, కొత్త గ్లౌజులు వేసుకోవాలి. వేరుగా స్టెరిలైజ్ చేసిన పనిముట్లు వాడాలి. మందులు, ద్రవాలు వీలైనంత వరకు వేరే బ్యాచ్‌వి కావాలి. మొదటి కంటిలో ఏ చిన్న చిక్కు వచ్చినా రెండవది ఆ రోజు ముట్టుకోరు. షుగరు అదుపులో లేనివారికి, కంటి రెప్పల్లో గాని కన్నీటి సంచిలో గాని ఇన్ఫెక్షన్ ఉన్నవారికి ఈ పద్ధతి తగదు. పూర్తి మత్తు ఇస్తే తప్ప ఆపరేషన్‌కు సహకరించలేని వారి విషయంలో మాత్రం, రెండుసార్లు మత్తు ఇవ్వకుండా ఉండేందుకు దీనిని ఆలోచిస్తారు.

మేము నేర్చుకున్నది

ఆ పెద్దామెకు ఒక కన్ను చేశారు. మరునాడు ఉదయం కట్టు విప్పగానే ఎదురుగా ఉన్న కొడుకును చూసి, "ఇంత చిక్కిపోయావేమిరా!" అంది. వార్డంతా నవ్వింది.

కానీ ఇంటికి వెళ్ళిన రెండు వారాలకు గడప దాటుతూ ఎత్తు అంచనా తప్పి పడింది. ఎముక విరగలేదు గాని మణికట్టు వాచింది. ఒక కన్ను తేటగా, మరొకటి మసకగా ఉన్నప్పుడు మెట్లు, గట్లు సరిగ్గా అంచనాకు రావు. ఆ మాట మేము ఆమెకు ముందే చెప్పి ఉండవలసింది. అప్పటినుంచి ఇంటికి పంపేటప్పుడే ఈ జాగ్రత్త చెబుతున్నాము. రెండవ కంటి తేదీ కార్డు మీద రాసి, ఇంట్లో ఒకరి ఫోను నంబరు తీసుకుని గుర్తు చేస్తున్నాము. ఆమె కూడా అలాగే తిరిగి వచ్చి రెండవ కన్ను చేయించుకుంది.

ఇంటి దగ్గర జాగ్రత్తలు

* చుక్కలు వేసే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సీసా కొన కంటికి తగలకూడదు.
* కన్ను నలపరాదు. డాక్టరు చెప్పేవరకు కంట్లో నీళ్ళు పడనివ్వరాదు.
* చనుబాలు, పసర్లు, తేనె కంట్లో వేయరాదు.
* నొప్పి, ఎరుపు, చీము, రెప్ప వాపు, చూపు తగ్గడం: వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే రావాలి.

బేత్సయిదాలో ప్రభువు ఒక గుడ్డివానిని రెండుసార్లు ముట్టినట్లు మార్కు సువార్త 8వ అధ్యాయంలో చదువుతాము. మొదటిసారి అతనికి మసకగా కనిపించింది, రెండవసారి తేటగా కనిపించింది. సగం చూపుతో ఆయన అతణ్ణి ఇంటికి పంపలేదు. మీ ఇంట్లో, మీ సంఘంలో ఒక కన్ను చేయించుకుని రెండవదాన్ని వదిలేసిన పెద్దలు ఉంటే, దయచేసి వారిని చేయి పట్టుకుని తీసుకురండి.