శాస్త్రమా? శబ్దాడంబరమా?

"పైన పటారం, లోన లొటారం" అన్నారు పెద్దలు. ఈ సామెత మనుషులకే కాదు, మనం చదివే శాస్త్ర గ్రంథాలకూ, మనం రాసే రికార్డులకూ, పల్లెలకు వచ్చే కరపత్రాలకూ కూడా వర్తిస్తుందని నా అభిప్రాయం. శాస్త్రం కష్టమైనదే, కాదనను. అయితే ఆ కష్టమంతా విషయంలోనే ఉందా, లేక రాసినవారి భాషలో కూడా కొంత ఉందా? ఇదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన ప్రశ్న.

పనిముట్టు వేరు, అలంకారం వేరు

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. పారిభాషిక పదాలు అసలు ఉండకూడదని నేననడం లేదు. ప్రతి వృత్తికీ దాని మాటలు దానికుంటాయి. వ్యవసాయానికి లేవా? మా నాన్న చేలోకి దిగి పిడికెడు మట్టి నలిపి చూసి, "పదునుంది, అరక కట్టొచ్చు" అంటాడు. అదే సంగతి పుస్తక భాషలో చెప్పాలంటే "దుక్కి చేయుటకు అనుకూలమైన తేమ నేలయందు కలదు" అనాలి. పదును అన్న ఒక్క మాట ఇంత వాక్యం పని చేసి పెడుతోంది. దమ్ము, పిలక, చిరుపొట్ట ఇవన్నీ అట్లాంటివే. ఉల్లికోడు సంగతి చూడండి. ఆ పురుగు పట్టిన వరి పిలక ఉల్లికాడలాగా గొట్టమైపోతుంది, ఇక కంకి వేయదు. చేలో ఏం కనబడుతుందో ఆ పేరులోనే ఉంది. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలదే. భద్రిరాజు కృష్ణమూర్తి గారు దానికి సంపాదకులు. రైతుకు శాస్త్ర పదాలు లేవనుకునేవారు ఆ గ్రంథం ఒక్కసారి తిరగేస్తే చాలు.

ఇక ప్రయోగశాలకు వద్దాం. మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు. కుర్రతనంలో పుస్తకాలు బైండు చేసే చోట పని నేర్చుకున్నవాడు. ద్రావణాలలో విద్యుత్తు ప్రవహించే తీరును పరిశోధిస్తున్నప్పుడు అంతవరకూ వాడుకలో ఉన్న "ధ్రువం" అన్న మాట ఆయనకు నచ్చలేదు. ధ్రువం అనగానే అది దేన్నో ఆకర్షిస్తుందన్న ఊహ వెంట వస్తుంది. రుజువు కాని ఊహను పేరులోనే ఇరికించడం ఆయనకు ఇష్టం లేదు. అందుకని కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూయెల్‌ను సంప్రదించి 1834లో ఆనోడ్, కాథోడ్, అయాన్ అనే మాటలు తీసుకువచ్చాడు. ఆ మాటలు గొప్ప కోసం పుట్టలేదు, అవసరం కొద్దీ పుట్టాయి. కాబట్టే ఈనాటికీ నిలిచాయి.

దీన్నిబట్టి మనకొక కొలబద్ద దొరుకుతోంది. ఒక్క మాట పది మాటల పని చేస్తే అది పనిముట్టు. ఒక్క మాటతో పోయేదానికి పది మాటలు తెస్తే అది అలంకారం. కొడవలికి పూసలు కడితే కోత సాగదు కదా!

ఆడంబరం వేసే మూడు వేషాలు

మొదటిది, తెలిసిన మాటకు తెలియని వేషం వేయడం. "నీరు పోశాము" అంటే సరిపోయే చోట "జలమును సమకూర్చడమైనది" అంటారు. ఇంగ్లీషులో రాసేవాళ్లూ తక్కువ తినలేదు. "యూజ్" అంటే చాలినచోట "యూటిలైజ్" అంటారు. అర్థం ఇసుమంత పెరగదు, అక్షరాలు మాత్రం పెరుగుతాయి.

రెండవది "బడు" ధాతువు. మన ప్రాక్టికల్ రికార్డుల్లో ప్రతి వాక్యమూ "వేడి చేయబడినది", "గమనించబడినది", "నిర్ధారించబడినది" అనే ఉంటుంది. ఇంట్లో ఎవరైనా "అన్నం వండబడినది, రా" అంటారా? ఇంగ్లీషు వాక్యాన్ని తెచ్చి తెలుగు అక్షరాల్లో కూర్చోబెట్టడం వల్ల వచ్చిన తెగులు ఇది. పైగా ఎవరు చేశారు, ఎవరు చూశారు అన్న సంగతి ఇందులో మాయమైపోతుంది. ప్రయోగంలో ముఖ్యంగా తెలియవలసింది అదే కదా!

మూడవది అన్నిటికంటే ప్రమాదం. తెలియనితనానికి ముసుగు వేయడం. వైద్యశాస్త్రంలో "ఇడియోపతిక్" అనే మాట ఉంది. గ్రీకు ధాతువుల నుంచి వచ్చింది, వినడానికి ఎంతో గంభీరంగా ఉంటుంది. జబ్బు పేరు ముందు ఆ మాట పెట్టారంటే, కారణం ఇంకా తెలియలేదని అర్థం. డాక్టర్లు తమలో తాము వాడుకుంటే తప్పు లేదు, వారికి దాని అర్థం తెలుసు. రోగి మాత్రం తన జబ్బుకు కారణం దొరికిందనుకుని ఇంటికి వెళతాడు.

పొలంలో దీని ఖరీదు ఎంత?

భాష ఎలా ఉంటే ఏం, విషయం ముఖ్యం అనే మిత్రులున్నారు. వారి కోసం ఒక కరపత్రం భాషకు నమూనా ఇస్తున్నాను: "0.1 శాతము గాఢత గల ద్రావణము సస్యముపై సమరూపముగా పిచికారీ గావింపబడవలెను." ఇట్లాంటి కాగితమే ఒకటి మా బాబాయి నా చేతిలో పెట్టి, "ఏరా, కాలేజీలో చదువుతున్నావుగా, ఇది మందా, మంత్రమా?" అని అడిగాడు.

న్యాయమైన ప్రశ్నే! 0.1 శాతం అంటే లీటరు నీటికి ఒక గ్రాము అసలు మందు. డబ్బాలోది 50 శాతం పొడి అయితే, అందులో సగమే అసలు మందు. కాబట్టి లీటరుకు రెండు గ్రాముల పొడి కలపాలి. ఎకరాకు 200 లీటర్ల నీరు పడితే 400 గ్రాములు. ఈ లెక్క తెలియక లీటరుకు ఒక గ్రాము పొడే కలిపాడనుకోండి, సగం మోతాదే పడుతుంది. పురుగు చావదు, డబ్బు దండగ. భయపడి రెట్టింపు కలిపితే ఖర్చూ రెట్టింపు, ఒంటికీ చేటు. "లీటరు నీటికి రెండు గ్రాముల పొడి" అని రాస్తే శాస్త్రం ఏం తక్కువైపోతుంది?

ఎరువుల సంగతీ అంతే. "ఎకరాకు 40 కిలోల నత్రజని" అని ఒక సిఫారసు ఉందనుకుందాం. అంగట్లో నత్రజని దొరకదు, యూరియా దొరుకుతుంది. యూరియాలో నత్రజని 46 శాతం. కాబట్టి 87 కిలోల యూరియా కావాలి. ఇప్పుడొచ్చే 45 కిలోల బస్తాల్లో చెప్పాలంటే రెండు బస్తాలకు కొంచెం తక్కువ. 40 కిలోలంటే యూరియానే అనుకుని చల్లినవాడి చేనుకు 18 కిలోల చిల్లర నత్రజని అందుతుంది, సగం కూడా కాదు. డి.ఎ.పి. బస్తా మీద 46 శాతం భాస్వరం అంటే చదువుకున్న మనమే పొరబడతాం. అది ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ రూపంలో కట్టిన లెక్క. 50 కిలోల బస్తాలో అది 23 కిలోలు. మూలకంగా చూస్తే భాస్వరం దాదాపు 10 కిలోలే.

మంచి ఉదాహరణ కూడా ఒకటి చెప్పాలి. పురుగుమందు విషతీవ్రతను ఎల్.డి. 50 అనే సంఖ్యతో కొలుస్తారు. ప్రయోగానికి తీసుకున్న జంతువుల్లో సగం చనిపోయే మోతాదు అది. కిలో శరీర బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. శాస్త్రజ్ఞుడికి ఆ సంఖ్య కావాలి. రైతుకు? 1971 నాటి కీటకనాశినుల నిబంధనల ప్రకారం డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అత్యంత విషం, పసుపు దాని తర్వాత, నీలం మధ్యరకం, ఆకుపచ్చ తక్కువ విషం. ఆకుపచ్చ అంటే విషం లేదని మాత్రం కాదు! నోటి ద్వారా వెళ్లే మోతాదు 50 మిల్లీగ్రాముల లోపైతే ఎరుపు, 5000 దాటితే ఆకుపచ్చ. ఒకే సత్యం, రెండు భాషలు. రెండూ సరైనవే, ఎవరి చోట వారికి. రాసేవాడికి ఉండవలసిన విజ్ఞత ఇదే.

ఎందుకిలా రాస్తాం?

భయం వల్ల. తేలికగా రాస్తే తేలికగా తీసుకుంటారని, మార్కులు పడవని భయం. ఆ భయానికి ఆధారం లేకపోలేదు. ఆలన్ సోకల్ అనే భౌతికశాస్త్రవేత్త కావాలనే అర్థం లేని వ్యాసమొకటి రాసి, నిండా పెద్ద మాటలు గుప్పించి, "సోషల్ టెక్స్ట్" అనే అమెరికన్ పత్రికకు పంపాడు. 1996లో వారు అచ్చువేశారు! అదంతా బూటకమని తర్వాత ఆయనే బయటపెట్టాడు. అర్థం కానిదంతా గొప్పదేననుకునే పాఠకులున్నంత కాలం ఇట్లాంటివి చెల్లుబాటవుతూనే ఉంటాయి. కాబట్టి తప్పు రాసేవారిదే కాదు, అర్థం కాకపోయినా తల ఊపే మనది కూడా.

గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. కథల్లో, పత్రికల్లో ఆ పోరాటం గెలిచింది. శాస్త్ర రచనలో ఇంకా సగంలోనే ఉంది. దాన్ని ముందుకు తీసుకుపోవలసినవాళ్లం మనమే. ఎందుకంటే పల్లె మాటా తెలిసి, పుస్తకం మాటా నేర్చిన తరం మనది.

మిత్రులారా! రేపు మనలో కొందరు వ్యవసాయ అధికారులవుతాం, కొందరు మాస్టర్లవుతాం, కొందరు మందుల కంపెనీల్లో చేరతాం. ఏ కాగితం రాసినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈ మాట లేకపోతే అర్థం చెడుతుందా? ఈ పని ఎవరు చేయాలో, ఎంత చేయాలో వాక్యంలో ఉందా? దీన్ని చదివి పని చేయవలసిన మనిషికి వినిపిస్తే, మళ్లీ అడగకుండా పనిలోకి దిగగలడా? మూడో ప్రశ్నకు జవాబు మన దగ్గర ఉండదు, ఆ మనిషి దగ్గరే ఉంటుంది. అచ్చుకు ఇచ్చే ముందు ఒక్కసారి అతనికి చదివి వినిపిద్దాం. అర్థం కాలేదంటే చిన్నతనం అనుకోకుండా తిరగరాద్దాం.