చిత్తూరు నాగయ్య: మన పక్క ఊరి పేరు పెట్టుకున్న గాయక నటుడు

మన హోసూరు, కృష్ణగిరి ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు నాగయ్యగారిని పరిచయం చెయ్యనక్కరలేదు. పిల్లలకే చెప్పాలి. పాత తమిళ సినిమాల్లో తండ్రి వేషంలో కనబడే ఆ మెత్తని గొంతు మనిషి తెలుగువాడని వాళ్ళల్లో చాలామందికి తెలియదు.

చిత్తూరు ఆయన ఇంటిపేరు కాదు. పుట్టింది 1904లో, గుంటూరు సీమలోని రేపల్లెలో. చిత్తూరు నాటకాల్లో పాడి, ఆడి పేరు తెచ్చుకోవడంతో ఆ ఊరే పేరుకు ముందు నిలిచింది. కుప్పం దాటితే మన జిల్లాయే కాబట్టి మాకు ఆయన పక్కింటి మనిషే.

1938లో 'గృహలక్ష్మి'తో తెరకెక్కారు. అప్పట్లో తెర మీద నటించేవాళ్ళు తమ పాట తామే పాడుకోవాలి. గొంతు లేకపోతే వేషం దొరకడం కష్టం. నాగయ్యగారికి గొంతుతో పాటు బాణీ కట్టే విద్య కూడా ఉంది. 1939లో బి.ఎన్. రెడ్డి తీసిన 'వందేమాతరం'లో నాయకుడూ ఆయనే, సంగీతమూ ఆయనదే. తరువాత 'పోతన' (1943), 'యోగి వేమన' (1947). ఈ రెంటి మధ్య 1946లో వచ్చిన 'త్యాగయ్య'కు దర్శకత్వం, సంగీతం, ప్రధాన పాత్ర మూడూ ఆయనవే. మా లెక్కలో మన ఇళ్ళవాళ్ళు తప్పక చూడాల్సింది ఇదే. త్యాగరాజస్వామి కావేరి ఒడ్డున, తిరువయ్యారులో కూర్చుని తెలుగులో కీర్తనలు కట్టారు. తమిళ నేల మీద తెలుగు నిన్నమొన్న వచ్చింది కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

తమిళంలోనూ ఆయన చిన్నవాడు కాదు. 'అశోక్ కుమార్' (1941)లో త్యాగరాజ భాగవతర్ పక్కన, 'మీరా' (1945)లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పక్కన నిలిచారు. 1965లో పద్మశ్రీ వచ్చింది. సంపాదించినదంతా సొంత సినిమాలకూ, అడిగినవాళ్ళకూ పోయింది. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూసేనాటికి చేతిలో మిగిలింది తక్కువే.

2006 చట్టం తరువాత బడిలో తమిళం తప్పనిసరి అయింది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వేమన పద్యం వింటే అర్థం చేసుకుంటారు, అదే పద్యం అచ్చులో చూపిస్తే తలకాయ అడ్డంగా ఊపుతారు. సినిమా చూపించినంత మాత్రాన అక్షరాలు రావు, నిజమే. అవ్వ పక్కన కూర్చుని 'యోగి వేమన' చూసి, విన్న పద్యాన్ని ఆ రాత్రే పలక మీద రాయిస్తే వస్తాయి.

పెళ్ళి చీరలకు చెన్నై టి.నగర్ వెళితే, అక్కడి పానగల్ పార్కులో నాగయ్యగారి విగ్రహం ఉంది. పిల్లల్ని కూడా తీసుకువెళ్ళండి.