పేజీ చివర తెగిన మాట

హోసూరు దగ్గర మా తెలుగు బడిలో ఏడో తరగతి చదివే ఒకమ్మాయికి చూపు లేదు. బ్రెయిలీ మాత్రం చకచకా చదువుతుంది. తెలుగు పాఠం బ్రెయిలీలో దొరక్క, కిందటేడు నేనే పలక, స్టైలస్ పట్టుకొని ఆవు–పులి కథ ఎక్కించి ఇచ్చాను. క్లాసులో గట్టిగా చదువుతూ "ఆవుకు ఎదురుగా ప..." అని ఆగింది. పేజీ తిప్పి, "ఉలి నిలబడింది" అంది. పిల్లలు ఘొల్లున నవ్వారు. నేనూ "సరిగ్గా చూసి చదువు" అనేశాను. ఆ పిల్లతో అనాల్సిన మాటేనా అది! సాయంత్రం ఆ కాగితం తీసి చూస్తే తప్పు నాదే.

అచ్చులో 'పు' ఒక్క అక్షరం. బ్రెయిలీలో రెండు గడులు: ముందు 'ప', తర్వాత 'ఉ'. గుణింతపు గుర్తులు వేరే ఉండవు, అచ్చునే హల్లు పక్కన పెడతాం. 'పులి' అంటే ప, ఉ, ల, ఇ. నాకు పేజీలో చివరి గడి దగ్గర 'ప' పడింది, మిగిలిన మూడూ తర్వాతి పేజీకి పోయాయి. అక్కడ ఆ మూడు గడులనూ 'ఉలి' అనే చదవాలి. ఆ పిల్ల ఉన్నది ఉన్నట్టే చదివింది.

పేజీ చివర మాటను విరవకూడదని బ్రెయిలీ ఎక్కించేవాళ్లు పాటించే నియమం ఉంది. నేను బీఈడీలో చదవలేదు, దెబ్బ తిన్నాకే తెలుసుకున్నాను. మాట పట్టకపోతే మిగిలిన గడులు ఖాళీగా వదిలేసి, మొత్తం మాటను తర్వాతి పేజీకి తీసుకెళ్లాలి. కాగితం వృథా కదా అని ఒక తండ్రి అడిగారు. నలభై గడుల వరసలో ఆరేడు గడులు పోతే పోనివ్వండి.

ఇప్పుడు మీరు చదువుతున్న పేపరే చూడండి. కాలమ్ అంచున తెలుగు మాట ఎక్కడ పడితే అక్కడ విరుగుతుంది, చాలాచోట్ల అడ్డగీత కూడా ఉండదు. కన్ను రెండు వరసలనూ ఒకేసారి చూస్తుంది కాబట్టి మనకు ఇబ్బంది లేదు. వేలికి తన కింద ఉన్న గడే తెలుసు. పేజీ మారితే చెయ్యి ఎత్తాలి, కాగితం తిప్పాలి, పేజీ అంకె దాటి మొదటి వరస వెతుక్కోవాలి. అంతసేపూ సగం మాట మనసులో మోయాలి. 'కలవరం' విరిగితే ఈ పేజీలో 'కల', ఆ పేజీలో 'వరం'. రెండూ మంచి మాటలే, అదే చిక్కు.

ఒత్తులతో ఇంకా జాగ్రత్త కావాలి. 'అమ్మ'లో పొల్లు గుర్తు మొదటి 'మ'కు ముందే వస్తుంది. అది ఒకే ఒక్క చుక్క, నాలుగోది. పేజీ చివర అదొక్కటే మిగిలిపోతే వేలికి తగలను కూడా తగలదు. అంకెలూ అంతే. అంకె గుర్తు సంఖ్యకు ముందు ఒక్కసారే వస్తుంది. 1947ను మధ్యలో విరిస్తే రెండో పేజీలో 47కు గుర్తు లేక 'దగ' అవుతుంది.

మరీ పొడుగు సమాసమైతే ఒకే పేజీలో ఒక వరస నుంచి ఇంకో వరసకు, పదాలు కలిసినచోట అడ్డగీత పెట్టి నేను విరుస్తున్నాను. ప్రజా- అని, కింద స్వామ్యం అని. పేజీ దాటేచోట అదీ చేయను. అచ్చు పుస్తకంలో పేజీ మారిన చోటునూ గుర్తించాలి, లేకపోతే "ఇరవై ఏడో పేజీ తీయండి" అన్నప్పుడు ఆ పిల్ల పక్కవాళ్లను అడగాలి. అమెరికా పాఠ్యపుస్తకాల పద్ధతిలో అడ్డగీతల వరస వేసి, కుడి చివర అచ్చు పేజీ అంకె ఇస్తారు. నేనూ అదే చేస్తున్నాను, మాట పూర్తయ్యాకే.

కంప్యూటర్లో చేసేవాళ్లకు ఒక మాట. పీడీఎఫ్ నుంచి పాఠం కాపీ చేస్తే, వరస చివర విరిగిన మాటల మధ్య ఖాళీ చేరిపోతుంటుంది. ముందు అవి కలిపి, తర్వాతే బ్రెయిలీలోకి మార్చండి.

మనలాంటి బడుల్లో ఈ శ్రమ మీద ఆశ పెట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. 1951లో వచ్చిన భారతీ బ్రెయిలీ పద్ధతిలో తెలుగు 'క'కు, తమిళ 'క'కు, కన్నడ, ఒడియా, మరాఠీ 'క'కు అవే 1, 3 చుక్కలు. మా క్లాసులో మిగతా పిల్లలు రెండు లిపులతో కుస్తీ పడుతుంటే, ఈమె తెలుగు వేలితోనే తమిళానికి చాలావరకు దారి వేసుకుంది. ఆ వేలికి అందే పేజీ సరిగ్గా ఉండాలి కదా.

ఈ ఏడు ఎక్కించిన పేజీల్లో మాట విరగకుండా చూశాను. అయినా మొన్న చదువుతూ పేజీ చివర 'కల' దగ్గర ఆగింది. "టీచర్, ఇది అయిపోయిందా, ఇంకా ఉందా?" అయిపోయిందమ్మా, అది కలే అన్నాను. సరే అంది గానీ, పేజీ తిప్పి మొదటి మాట తడిమి, మళ్లీ వెనక్కి వచ్చి, అప్పుడు చదివింది.