కథ ముందే తెలిసిపోయాక

రీమేక్ సినిమా ఒకటి బోల్తా కొట్టగానే మన దగ్గర మొదట వినిపించే మాట, సొంత కథలకు కరువొచ్చిందని. అదే రీమేక్ ఆడితే ఆ ఊసే ఎవరూ ఎత్తరు. అసలు పాత కథను చూడనని తెలుగు ప్రేక్షకుడు ఎప్పుడన్నాడు? పద్యనాటకం వెలిగిన రోజుల్లో తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఊరూరా ఆడాయంటే, రాయబారం ఫలిస్తుందో లేదో తెలుసుకుందామని జనం రాలేదు. పద్యం సగంలో ఉండగానే మిగతా సగం ముందు వరసలో కూర్చున్నవాళ్లకు నోటికొచ్చు. ఈ కృష్ణుడు రాగం ఎంతసేపు తీస్తాడు, పోయినేడు వచ్చిన కృష్ణుడి ముందు నిలుస్తాడా అన్నదే వాళ్ల లెక్క. నచ్చితే వన్స్‌మోర్. 2022లో మహేశ్ బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ని మళ్లీ థియేటర్లలో వేస్తే, తెరకంటే ముందే డైలాగులు అరిచిన కుర్రాళ్లు ఆ ముందు వరసకు వారసులే.

కాబట్టి తగాదా కొత్త కథకూ పాత కథకూ మధ్య కాదు. మళ్లీ చెప్పడంలోనే రెండు దారులున్నాయి. చూసేవాడికి కథ తెలుసు, ఇక చేసి చూపించాల్సింది నేనే అని దిగేది ఒకటి. చూసేవాడికి తెలియదు కదా అన్న ధీమాతో దిగేది రెండోది. మన సినిమా గత కొన్ని దశాబ్దాల్లో ఈ రెండో దారికి బాగా అలవాటు పడింది. ఇప్పుడు మూసుకుపోతున్నది ఆ దారే. దాన్ని చూసి మొత్తం రీమేక్‌కే కాలం చెల్లిందనుకుంటున్నాం.

మొదటి దారికి ‘మాయాబజార్’ను మించిన సాక్ష్యం దొరకదు. 1957లో కె.వి. రెడ్డి ఆ సినిమా తీసేనాటికి కథ అరిగిపోయి ఉంది. 1936లోనే పి.వి. దాసు ‘శశిరేఖా పరిణయం’గా తీశారు. సురభి నాటక సమాజాలు మాయాబజారును ఊళ్లలో ఆడుతూనే ఉన్నాయి. పైగా శశిరేఖ పెళ్లి వ్యాసుడు రాసిందీ కాదు, జనం భారతానికి తగిలించుకున్న కథ. శశిరేఖకు అభిమన్యుడితోనే పెళ్లవుతుందని హాల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు గనుక ఆ ఉత్కంఠ మీద కె.వి. రెడ్డి ఒక్క అడుగు ఫిల్ము కూడా ఖర్చుపెట్టలేదు. భారత కథ తీస్తూ పాండవులను తెర మీదకే రానివ్వలేదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రిని చూడండి. ఆడపిల్ల ఒంట్లోకి రాక్షసుడి నడక, రాక్షసుడి తల ఎగరేత ఎలా వచ్చి పోతుంటాయో చూడటానికే జనం మళ్లీ మళ్లీ వెళ్లారు. కథ తెలిసి ఉండటం ఆ సినిమాకు పెట్టుబడి.

అది పురాణం, అందరి సొత్తు; పక్క భాష నుంచి హక్కులు కొని తీసే సినిమాకు ఆ కొలత పెట్టడం న్యాయమా అనొచ్చు. అలాంటి సినిమానే తీసుకుందాం. 1962 నాటి ‘గుండమ్మ కథ’కు మూలం ‘మనె తుంబిద హెణ్ణు’ అనే కన్నడ చిత్రం. తెలుగులో దాన్ని చూసినవాళ్లు తక్కువే. అయినా నిర్మాతలు విజయా వారు ఉన్నది ఉన్నట్టు దించేయలేదు. అందులోని ఇంటిని తీసుకుని, జమున పాత్ర వైపు షేక్‌స్పియర్ ‘టేమింగ్ ఆఫ్ ది ష్రూ’ ఛాయలు కలిపి, సూర్యకాంతం కోసమే అన్నట్టు మొత్తం తిరగరాసుకున్నారు. అప్పటికే జనం కృష్ణుడిగా కొలుస్తున్న ఎన్టీఆర్‌కు నిక్కరు తొడిగి రుబ్బురోలు ముందు కూర్చోబెట్టారు. దీనికి ఎదురు సాక్ష్యం కూడా విజయా వారే ఇచ్చారు. ఇదే కథను ‘మనిదన్ మారవిల్లై’ పేరుతో తమిళంలోనూ తీశారు. అక్కినేని, సావిత్రి, జమున, రంగారావు అక్కడా ఉన్నారు. సూర్యకాంతం లేదు, ఎన్టీఆర్ లేరు. ఆ సినిమా ఆడలేదు. కథకు హక్కులుంటాయి గానీ, సూర్యకాంతం చేయి తిప్పి ఎదుటివాణ్ణి గదమాయిస్తే హాలంతా నవ్వే ఆ చనువును ఏ ఒప్పందం మీదా రాయించుకోలేం.

రెండో దారి తప్పుడు దారి అని నా అభిప్రాయం కాదు. చాలాకాలం అది అనువాదం చేసే పనే చేసింది. 2013లో మలయాళంలో వచ్చిన ‘దృశ్యం’ మరుసటేడే కన్నడం, తెలుగు చూసింది. 2015లో తమిళం, హిందీ. 2019లో చైనా దాకా వెళ్లింది. తెలుగులో శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేశ్ కేబుల్ టీవీ రాంబాబుగా చేస్తే జనం ఊపిరి బిగబట్టి చూశారు, మూలానికి అది దాదాపు అచ్చుగుద్దినట్టే ఉన్నా. 2014లో మలయాళ సినిమా మనకు అందేది కాదు. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో భారతదేశంలో అడుగుపెట్టింది 2016లో. పైగా ఆ కథకు తెలియకపోవడమే ప్రాణం. చివర్లో బయటపడేదేమిటో ముందే చెబితే మిగిలేది చాలా తక్కువ (ఇంకా చూడనివాళ్లు ఉండొచ్చు గనుక ఇక్కడా చెప్పడం లేదు).

భాషల మధ్య ఉన్న ఆ గోడ కూలాక ఏం జరిగిందో ‘అల వైకుంఠపురములో’ విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. 2020 సంక్రాంతికి వచ్చిన ఆ సినిమాను హిందీలో ‘షెహజాదా’గా తీయడం మొదలుపెట్టారు. ఈలోగా 2021 డిసెంబరులో ‘పుష్ప’ హిందీ డబ్బింగ్ ఉత్తరాదిని ఊపేసింది. ఆ ఊపులోనే ‘అల’ హిందీ డబ్బింగ్‌ను కూడా థియేటర్లలో వదులుతామని ప్రకటన వచ్చింది, ‘షెహజాదా’ నిర్మాతలతో మాటలయ్యాక అది ఆగిపోయింది. అంటే మూలం జనం కంటపడితే రీమేక్ బతకదని లోకానికంటే ముందు తీసేవాళ్లకే తెలుసన్నమాట. చివరికి డబ్బింగ్ టీవీలో రానే వచ్చింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన ‘షెహజాదా’ నిలబడలేదు. అంతకు ముందు ఏడాదే హిందీ ‘జెర్సీ’కీ అదే గతి. తెలుగులో జాతీయ అవార్డు తెచ్చిన గౌతమ్ తిన్ననూరే అక్కడా దర్శకుడు కాబట్టి, మూలం అర్థంకాక చెడగొట్టారనే సాకు కూడా చెల్లదు. ఒకచోట నెగ్గిన కథ కొంటే సగం భయం తీరుతుందన్నది నిర్మాతల పాత లెక్క. ఆ లెక్కకు ఇక్కడ కాలుజారింది.

మరి ‘దృశ్యం 2’ సంగతేమిటని అడగొచ్చు. మలయాళ మూలం 2021 ఫిబ్రవరి నుంచి ప్రైమ్‌లో ఉన్నా, 2022 నవంబరులో వచ్చిన హిందీ రీమేక్ ఘనవిజయం సాధించింది. నిజమే. సబ్‌టైటిళ్లు చదువుతూ సినిమా చూసే ఓపిక అందరికీ ఉండదు, హిందీ ప్రేక్షకుల్లో చాలామందికి ఆ గోడ అప్పటికి కూలనే లేదు. గోడ ఉన్నంతవరకు పాత పద్ధతి పనిచేస్తుంది. కానీ ఆ గోడను కాపాడుకోవడం రోజురోజుకూ కష్టమవుతోంది. డబ్బింగ్ అంటే పెదాలొకటి, మాటలొకటి అనే చులకన కూడా తగ్గింది. 2024లో హైదరాబాద్‌లో జరిగే మలయాళ ప్రేమకథ ‘ప్రేమలు’ను తెలుగులోకి తెచ్చినప్పుడు ‘నైంటీస్’ సిరీస్ తీసిన ఆదిత్య హాసన్‌తో మాటలు రాయించారు. అంత శ్రద్ధగా చేసిన డబ్బింగ్ పక్కన, అదే కథకు వేరే మొహాలు తగిలించి మళ్లీ తీయాల్సిన అవసరం ఏముంటుంది?

మార్పులు చేయకుండా ఎవరూ తీయడం లేదు కదా అన్నది గట్టి అభ్యంతరమే. ‘పింక్’ 2021లో ‘వకీల్ సాబ్’ అయ్యేసరికి లాయరుకు ఫ్లాష్‌బ్యాక్ వచ్చింది, ఫైట్లు వచ్చాయి. ఇద్దరు సమఉజ్జీల కథ ‘అయ్యప్పనుమ్ కోషియుమ్’ తెలుగులో ‘భీమ్లా నాయక్’ అయ్యాక టైటిల్లో ఒకరి పేరే మిగిలింది. ఇవి కథ అడిగిన మార్పులు కావు, ఇమేజి కొలతలకు కుట్టించినవి. ఏ కథ తెచ్చినా కొలతలు అవే. రుబ్బురోలు ముందు కూర్చున్న ఎన్టీఆర్‌కూ వీటికీ తేడా అక్కడే ఉంది. అయినా ఒకటి ఒప్పుకోవాలి: ‘పింక్’ కథ తెలిసీ ‘వకీల్ సాబ్’కు వెళ్లినవాళ్లు మూడేళ్ల విరామం తర్వాత పవన్ కల్యాణ్ కోర్టులో ఎలా నిలబడతారో చూడ్డానికి వెళ్లారు. పద్యం తెలిసి రాగం కోసం వెళ్లడంలాంటిదే అది కూడా. రాగం లేకుండా హీరో పేరొక్కటే చాలదని ‘వేదాళం’ను ‘భోళా శంకర్’గా తీసినప్పుడు 2023లో తేలిపోయింది.

ఒక చిన్న ప్రయత్నం నాకు ఎక్కువ ఆసక్తికరంగా అనిపిస్తుంది. ఇడుక్కి కొండల్లో నడిచే ‘మహేషింటె ప్రతికారం’ను వెంకటేశ్ మహా 2020లో అరకుకు తెచ్చి ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’గా తీశారు. నలుగురి ముందు దెబ్బలు తిన్న ఫొటోగ్రాఫరు పగ తీరేదాకా చెప్పులు తొడగనని ఒట్టేసుకునే కథ. మూలాన్ని మరీ అంటిపెట్టుకున్నారన్న విమర్శలో నిజం ఉంది. సంగీత దర్శకుడు కూడా మూలానికి చేసిన బిజిబాలే. కానీ ఆ చెప్పుల్లేని కాళ్లు అరకు దారుల్లో తిరుగుతుంటే, సత్యదేవ్ ఉక్రోషాన్ని మింగుకుని మామూలుగా ఉండబోతుంటే, మలయాళ సినిమా చూసినవాడు కూడా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోగలడు. ఆ సినిమా వచ్చింది కూడా నెట్‌ఫ్లిక్స్‌లోనే, మూలం ఓ నొక్కు దూరంలో ఉండగల చోట.