ఎత్తుకుపోయింది ఎవరైతేనేం… ఎదురుచూసేది అమ్మే!

మొన్న ఆదివారం మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ‘ఎక్స్ ఫైల్స్’ పాత ఎపిసోడ్లు మళ్లీ చూశాను. నా చిన్నప్పుడు కేబుల్ టీవీలో వచ్చేవి. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది కాదు. ఆ సంగీతం వినబడితే చాలు, దుప్పటి ముసుగేసుకునేదాన్ని. సందులోంచి తొంగి చూడటం మాత్రం మానేదాన్ని కాదు!

ఈసారి చూసింది 1994 అక్టోబరు 14న అమెరికాలో మొదటిసారి ప్రసారమైన ‘డ్వేన్ బ్యారీ’, ఆ తర్వాతి వారం వచ్చిన ‘అసెన్షన్’. డ్వేన్ బ్యారీ ఒకప్పుడు ఎఫ్‌బీఐలో పనిచేసినవాడు. గ్రహాంతరవాసులు తనను పదేపదే ఎత్తుకుపోయి ఒంటి మీద ప్రయోగాలు చేశారంటాడు. ఎవరూ నమ్మరు. చివరికి తనకు బదులుగా మరొకరిని అప్పగిద్దామని, కథానాయిక స్కల్లీని ఆమె ఇంట్లోంచే పట్టుకుపోతాడు. తోటి ఉద్యోగి మల్డర్ కొండ మీదికి చేరేసరికి స్కల్లీ ఉండదు. ఆమె మెడలోని శిలువ గొలుసు మాత్రం దొరుకుతుంది.

తెర వెనక అమ్మతనం

స్కల్లీని మాయం చేయడం వెనక ఆడవాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ఆ పాత్ర వేసిన జిలియన్ ఆండర్సన్ అప్పుడు నిండు గర్భిణి. ఆమెను తీసేయకుండా, కాన్పుకు వీలు దొరికేలా కథనే మలిచారు. స్కల్లీ పొట్ట ఉబ్బినట్టు కనిపించే దృశ్యంలో ఉన్నది నిజమైన కడుపే. 1994 సెప్టెంబరులో ఆమెకు పాప పుట్టింది. కొద్దిరోజులకే మళ్లీ షూటింగుకు వచ్చేసింది. బాలింత కష్టం తెలిసిన మనం ‘అయ్యో’ అనకుండా ఉండగలమా?

చిన్నప్పుడు నాకు ఆ వెలుగులూ, ఆ వింత ఆకారాలే గుర్తుండిపోయాయి. ఈసారి నా చూపంతా స్కల్లీ వాళ్లమ్మ మీదే. మల్డర్ ఆ గొలుసు ఇవ్వబోతే ఆమె తీసుకోదు. దొరికినప్పుడు నువ్వే ఇవ్వమంటుంది. కానీ నవంబరు 11న వచ్చిన ‘వన్ బ్రెత్’లో అదే తల్లి కూతురి పేరున సమాధి రాయి చేయిస్తుంది.

“అదేంటమ్మా, దొరక్కుండానే రాయి చేయించేసింది?” అంది మా అమ్మాయి. నా దగ్గర జవాబు లేదు.

మన గడపలోనూ…

ఎక్కడిదో కట్టుకథ కదా అనుకుని టీవీ కట్టేయలేకపోయాను. మేముండేది పటాన్‌చెరు దగ్గర. ఇక్కడ షిఫ్టుకు వెళ్లిన మనిషి వేళకు రాకపోతే ఇంట్లో ఆడవాళ్ల కళ్లు గడియారం మీదే ఉంటాయి. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచి పరిశ్రమలో పేలుడు జరిగింది. పొట్టకూటికి ఒడిశా, బీహార్ లాంటి దూరప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారు. పటాన్‌చెరు ఆసుపత్రి దగ్గర డీఎన్ఏ పరీక్షకు నెత్తురిచ్చి రోజులతరబడి కాచుకున్న కుటుంబాలను మనం చూశాం. 46 మంది చనిపోయినట్టు తేలింది. ఎనిమిది మంది ఆనవాళ్లే దొరకలేదు.

పోయారంటే ఏడుస్తాం, దినవారాలు చేస్తాం. ఉన్నారంటే ఎదురుచూస్తాం. ఏదీ తెలియకపోతే? బొట్టు ఉంచుకోవాలా, తీయాలా? ఫొటోకు దండ వేయాలా, వద్దా? ఇలాంటి దుఃఖం మీద 1970ల నుంచీ పరిశోధన చేసిన అమెరికా ఆచార్యురాలు పాలీన్ బాస్ దానికి ‘తేలని నష్టం’ అనే అర్థమొచ్చే పేరే పెట్టారు. ఇది మనసు బలహీనత కాదు, పరిస్థితే అలాంటిది అంటారామె.

మా పాత వీధిలో ఒకామె కొడుకు పనికని వెళ్లి తిరిగి రాలేదు. ఏళ్లు గడిచినా ఆమె రాత్రిపూట గడియ పెట్టేది కాదు. “నడిరాత్రి వాడొచ్చి తలుపు కొడితే, నాకు మెలకువ రాకుంటె ఎట్ల బిడ్డా?” అనేది.

మనం చేయగలిగింది

ఏడేళ్ల పాటు జాడ తెలియాల్సినవాళ్లకు కూడా తెలియకపోతే, ఆ మనిషి చనిపోయినట్టు భావించవచ్చని మన సాక్ష్య చట్టం చెబుతోంది. కాబట్టి మనిషి కనబడకపోతే పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేయాలి, ఆ కాగితం పదిలంగా దాచాలి. రేపు బ్యాంకు, పింఛను, ఆస్తి పనులన్నింటికీ అదే ఆధారం.

మరి మనసు సంగతి? దానికి చట్టం లేదు, ఇరుగుపొరుగే ఉంది. కనబడినప్పుడల్లా “ఏమైనా తెలిసిందా?” అని గుచ్చొద్దు. “ఇంకెక్కడొస్తాడులే” అనొద్దు. బొట్టు సంగతి ఆమెకే వదిలేద్దాం. ఓ పూట కూర గిన్నె తీసుకెళ్లి, ఊరికే పక్కన కూర్చుందాం. గొలుసు తీసుకోని తల్లీ, రాయి చేయించిన తల్లీ ఒకరే కదా! ఏ రోజు ఏది చేసినా, తప్పు పట్టకుండా తోడుండే మనిషి ఒకరుంటే ఆ అమ్మకు అంతే చాలు.

ఆ రాత్రి మా ఇంటి గడియ పెట్టబోతూ నా చేయి ఒక్క క్షణం ఆగిపోయింది.